ప్లేటు మీద జోన్ సరే, మూత్రంలోకి ఏం వస్తోంది?

ఎమ్మెస్సీ ఆఖరి సెమిస్టర్ మొదలయ్యే రోజుల్లో మా ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌కి చుట్టుపక్కల కాలేజీల పిల్లలు వస్తుంటారు. చేతిలో హెచ్‌ఓడీ సంతకంతో ఒక లెటర్ ఉంటుంది. "మేడమ్, యూరిన్ ఇన్ఫెక్షన్ ఐసోలేట్లు కావాలి. ఇ.కోలి, క్లెబ్సియెల్లా... ప్రోటియస్ ఉంటే అది కూడా" అని అడుగుతారు. ఐసోలేట్లంటే రోగుల మూత్రంలోంచి వేరుచేసి పెంచిన బ్యాక్టీరియా, ఆ మూడూ వాటి పేర్లే. ప్రాజెక్టు దాదాపు ప్రతిసారీ ఒకటే. వేప, తులసి, కరక్కాయ, నేల ఉసిరి, పల్లేరు, కొండపిండి, వీటిలో ఏదో ఒకటి ఎండబెట్టి, పొడి చేసి, మిథనాల్‌లో నానబెట్టి, ఆ సారాన్ని బ్యాక్టీరియా మీద పరీక్షించడం. కొన్నాళ్ళకి ఫోన్ వస్తుంది. "మేడమ్, కరక్కాయకి మంచి జోన్ వచ్చింది!" అంటే ప్లేటు మీద సారం చుట్టూ బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం వచ్చిందని. ఆ గొంతులో సంతోషం వింటే నాకూ సంతోషమే. ఆ తర్వాత రిపోర్టు వస్తుంది. దాని చివరి వాక్యం మాత్రం నన్ను కలవరపెడుతుంది: ఈ మొక్క మూత్రనాళ ఇన్ఫెక్షన్లకు యాంటీబయాటిక్స్ స్థానంలో వాడదగిన ఔషధం కాగలదు.

జోన్ నుంచి ఆ వాక్యానికి దారి లేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది అదే. అందులోనూ యూరిన్ ఇన్ఫెక్షన్ విషయంలో మనకి చాలా జబ్బుల్లో దొరకని సదుపాయం ఒకటి ఉంది. న్యుమోనియాకి మందు వెతికేవాళ్ళు ఊపిరితిత్తుల లోపలికి చెయ్యి పెట్టి మందు చేరిందో లేదో చూడలేరు. మనం చూడగలం. మనిషి తాగిన కషాయంలోంచి మూత్రాశయం దాకా ఏం చేరిందో, కప్పులో పట్టి బల్ల మీద పెట్టి పరీక్షించవచ్చు. సూది గుచ్చక్కర్లేదు, కోత పెట్టక్కర్లేదు. అంత సులువైన పరీక్షని వదిలేసి ఏళ్ళ తరబడి ఆగర్ ప్లేటు మీదే జోన్లు కొలుచుకుంటూ కూర్చోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

కొత్త మందులు వెతకాల్సిన అవసరం లేదని నేను అనడం లేదు. ఆ అవసరం ఎంత ఉందో కల్చర్ రిపోర్టులు చదివేవాళ్ళకి రోజూ కనిపిస్తుంది. 2019లో ప్రపంచవ్యాప్తంగా 40 కోట్లకు పైగా యూరిన్ ఇన్ఫెక్షన్ కేసులు వచ్చాయనీ, 2 లక్షలకు పైగా మంది దానివల్ల చనిపోయారనీ అంచనా. వీటిలో ఎక్కువ భాగం ఆడవాళ్ళకి వచ్చేవి, ఎక్కువ భాగం ఇ.కోలి వల్ల వచ్చేవి. మన ఇళ్ళల్లో "వేడి చేసింది" అనుకుని సబ్జా గింజలు, మజ్జిగ, బార్లీ నీళ్ళతో మొదలుపెడతాం. తగ్గకపోతే మెడికల్ షాపులో అడిగి సిప్రోఫ్లాక్సాసిన్ తెచ్చుకుంటాం. మంట తగ్గగానే ఆపేస్తాం. ఇలా వాడీ వాడీ, ఇప్పుడు మన దేశంలో మూత్రంలో దొరికే ఇ.కోలి మీద సిప్రోఫ్లాక్సాసిన్ చాలావరకు పనిచేయడం లేదు. ఆఖరి అస్త్రంగా దాచుకున్న కార్బపెనెమ్స్ పరిస్థితీ దిగజారుతోంది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నిఘా నివేదికల ప్రకారం, ఆ కోవకే చెందిన ఇమిపెనెమ్‌కి లొంగే ఇ.కోలి 2017లో 81 శాతం ఉంటే 2023 నాటికి 63 శాతం దగ్గరికి పడిపోయింది. కార్బపెనెమ్స్‌ని కూడా విరగ్గొట్టి ప్రపంచాన్ని భయపెట్టిన ఎన్‌డీఎమ్-1 అనే బ్యాక్టీరియా ఎంజైము మొదట బయటపడింది కూడా యూరిన్ ఇన్ఫెక్షన్ ఉన్న మనిషిలోనే. ఢిల్లీలో చికిత్స పొంది స్వీడన్ తిరిగి వెళ్ళిన భారత సంతతి రోగి నుంచి తీసిన క్లెబ్సియెల్లాలో దాన్ని గుర్తించి 2009లో ప్రచురించారు.

తెలుగునేల మీద ఉన్నవాళ్ళకి ఈ కథలో ఇంకో ముడి ఉంది. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థజలాలు శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్ళని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించారు. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో ప్రకటించారు. మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మోతాదు కంటే అది చాలా ఎక్కువ. యూరిన్ ఇన్ఫెక్షన్‌కి వాడే మందే వాగునీళ్ళలో పారితే, ఆ నీళ్ళలో బతకడం నేర్చుకున్న బ్యాక్టీరియాకి ఆ మందు ఇక మందు కాదు.

కాబట్టి మొక్కల వైపు చూడటం సరైనదే. చూసే పద్ధతి గురించే నా గొడవ.

ముందు జోన్ సంగతి చూద్దాం. ముల్లర్ హింటన్ ఆగర్ అనే, బ్యాక్టీరియాని పెంచే జెల్లీ లాంటి పోషక పదార్థం పోసిన ప్లేటు మీద బ్యాక్టీరియాని సమంగా పూస్తాం. కార్క్ బోరర్‌తో గుంట చేసి అందులో సారం పోస్తాం, లేదా సారం పీల్చిన డిస్క్ పెడతాం. రాత్రంతా ఇంక్యుబేటర్‌లో ఉంచితే, సారం పాకినంత మేర బ్యాక్టీరియా పెరగక ఖాళీ వలయం కనిపిస్తుంది. అదే జోన్. ఈ పద్ధతి యాంటీబయాటిక్స్ కోసం పుట్టింది. అమెరికాలోని సియాటిల్‌లో బావర్, కిర్బీ, వాళ్ళ సహచరులు 1966లో దీనికి ఒక ప్రామాణిక రూపం ఇచ్చారు. ఫలానా మందుకి ఇన్ని మిల్లీమీటర్లు వస్తే "సెన్సిటివ్", ఇన్ని వస్తే "రెసిస్టెంట్" అని మనం రిపోర్టులో రాయగలుగుతున్నామంటే దాని వెనక పెద్ద పని ఉంది. ఒక్కో మందుకీ ఆ జోన్‌ని, బ్యాక్టీరియా పెరుగుదలని ఆపే కనీస మోతాదుతో పోల్చారు. ఆ మోతాదు మనిషి ఒంట్లో అందుతుందా అన్నది చూశారు. రోగులు కోలుకున్నారా అన్నది కూడా చూశారు. ఆ లెక్కలన్నీ తీసేస్తే మిల్లీమీటరుకి అర్థం ఉండదు.

కరక్కాయ సారానికి అలాంటి లెక్క ఎవరూ వేయలేదు. పైగా ఆగర్‌లో ఎంత దూరం పాకుతుందన్నది అణువు సైజు మీద, నీళ్ళలో కరిగే గుణం మీద ఆధారపడుతుంది. నూనె స్వభావం ఉన్న మంచి పదార్థం గుంటలోంచి కదలక జోన్ ఇవ్వకపోవచ్చు. బలహీనమైనదే బాగా పాకి పెద్ద జోన్ ఇవ్వొచ్చు. అయినా రిపోర్టుల్లో సిప్రోఫ్లాక్సాసిన్ జోన్‌నీ సారం జోన్‌నీ పక్కపక్కన టేబుల్‌లో పెట్టి "దాదాపు సమానం" అని రాస్తారు. ఆ సిప్రో డిస్క్‌లో ఉన్న మందు 5 మైక్రోగ్రాములు. మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాముల సారం 50 మైక్రోలీటర్లు గుంటలో పోశారంటే అక్కడ ఉన్నది 5,000 మైక్రోగ్రాములు. వెయ్యి రెట్లు పోసి సమానం అంటున్నాం.

జోన్ వదిలేసి, ట్యూబుల్లోనో మైక్రోప్లేటులోనో ఎంఐసీ, అంటే పెరుగుదలని ఆపే కనీస మోతాదు, కొలిచేవాళ్ళు ఇంకో అడుగు ముందుకి వేసినట్టే. వాళ్ళని మెచ్చుకుంటాను. కానీ అక్కడ వచ్చే అంకెని కూడా మనిషి ఒంటితో సరిపోల్చి చూడాలి. చాలా రిపోర్టుల్లో ఎంఐసీ మిల్లీలీటరుకి 5 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. అది మూత్రంలో అందాలంటే ఏం కావాలో లెక్కేద్దాం. రోజుకి లీటరున్నర మూత్రం పోస్తాం అనుకుంటే, అందులో ఏడున్నర గ్రాముల సారం ఉండాలి. ఎండు ఆకులో పదోవంతు సారంగా దిగుతుందనుకుంటే, రోజుకి 75 గ్రాముల పొడి తినాలి. తిన్నదంతా పేగుల్లోంచి రక్తంలోకి ఎక్కాలి, లివర్ దాన్ని ఏమాత్రం మార్చకూడదు, మొత్తం కిడ్నీల ద్వారా మూత్రంలోకి దిగాలి. ఏ మొక్క విషయంలోనూ అలా జరగదు. సారంలో అసలు పనిచేసే పదార్థం నూటికి ఒక వంతే ఉండొచ్చు, దాన్ని విడదీస్తే మోతాదు బాగా తగ్గుతుంది అని ఒక వాదన ఉంది. అది న్యాయమైన వాదనే. అయితే విడదీయాలి కదా. అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్ళు చాలా ఏళ్ళ క్రితమే ఒక గీత గీశారు. ముడిసారానికి మిల్లీలీటరుకి 100 మైక్రోగ్రాములు, అంతకంటే తక్కువ అయితే ఆసక్తికరం. 1 మిల్లీగ్రాము దాటిన మోతాదుల్లో పరీక్షించడమే అనవసరం. మన రిపోర్టుల్లో ఎక్కువ భాగం ఆ గీతకి అవతలే ఉన్నాయి.

మూత్రంలోకి చేరడం ఎంత ముఖ్యమో తెలియాలంటే నైట్రోఫ్యురాంటాయిన్‌ని చూడాలి. 1953 నుంచి వాడుకలో ఉన్న పాత మందు. మాత్ర వేసుకుంటే రక్తంలో దాని జాడ చాలా తక్కువ, కిడ్నీలు దాన్ని వడకట్టి మూత్రంలో పోగుచేస్తాయి. మూత్రాశయంలో ఉన్న ఇ.కోలి మీద ఈనాటికీ మన దేశంలో బాగా పనిచేస్తున్న మందుల్లో అదొకటి. అదే కిడ్నీ కణజాలానికి ఇన్ఫెక్షన్ పాకితే పనికిరాదు, అక్కడ చాలినంత చేరదు కాబట్టి. ప్లేటు మీద మాత్రం ఈ రెండు పరిస్థితులకీ జోన్ ఒకటే.

ఇప్పుడు కరక్కాయ దగ్గరికి వద్దాం. పిల్లల ప్రాజెక్టుల్లో తరచూ నెగ్గేది అదే. దాని వగరుకి కారణం టానిన్లు. చెబులాజిక్ ఆమ్లం, చెబులినిక్ ఆమ్లం, ప్యునికలాజిన్ లాంటి పెద్ద పెద్ద అణువులు. టానిన్లకి ప్రోటీన్లని పట్టుకుని ముద్దచేసే గుణం ఉంది. తోళ్ళు ఊనడానికి కరక్కాయ వాడేది కూడా ఈ గుణం కోసమే. ప్లేటు మీద బ్యాక్టీరియా పైపొర ప్రోటీన్లనీ, ఎంజైములనీ, ఆగర్‌లో ఉన్న పోషకాలనీ కూడా అవి పట్టుకుంటాయి. జోన్ రాకుండా ఎలా ఉంటుంది? కానీ మింగినప్పుడు ఇంత పెద్ద అణువులు పేగు గోడ దాటి రక్తంలోకి వెళ్ళవు. పేగు చివరి భాగంలో ఉండే బ్యాక్టీరియా వాటిని ముక్కలు చేసి యూరోలిథిన్లు అనే చిన్న పదార్థాలుగా మారుస్తుంది. రక్తంలోకి ఎక్కి, చివరికి మూత్రంలో కనిపించేవి ఆ యూరోలిథిన్లు. అంటే మూత్రాశయంలో ఉన్న ఇ.కోలికి కరక్కాయ టానిన్ ఎప్పుడూ ఎదురుపడదు. ఎదురుపడితే యూరోలిథినే ఎదురుపడాలి. ఇంకో విశేషం ఏమిటంటే, ఈ మార్పు అందరి పేగుల్లో ఒకేలా జరగదు. కొందరిలో ఒక రకం యూరోలిథిన్లు తయారవుతాయి, కొందరిలో ఇంకో రకం, కొందరిలో అసలు తయారుకావు. దానిమ్మ తొక్కకీ ఇదే వర్తిస్తుంది. కాబట్టి ఎమ్మెస్సీ విద్యార్థి ప్లేటు మీద పోసిన సారం, రోగి మూత్రంలో ఉండే సారం పూర్తిగా వేరు. మనం ఒకదాన్ని పరీక్షించి రెండో దాని గురించి తీర్పు ఇస్తున్నాం.

ఈ విషయం నన్ను ఎంత ఆకర్షిస్తుందో చెప్పలేను. ఒకే కషాయం తాగిన ఇద్దరు అక్కచెల్లెళ్ళ మూత్రంలో రెండు వేరు పదార్థాలు ఉండొచ్చు. "మా అత్తయ్యకి కరక్కాయతో తగ్గింది, నాకు తగ్గలేదు" అనే మాట వెనక నిజంగా ఏదైనా ఉందా అని వెతకడానికి ఇక్కడ ఒక తలుపు తెరుచుకుని ఉంది. మూత్రాల్ని సేకరించి చూస్తే తప్ప ఆ తలుపు లోపల ఏముందో తెలియదు.

ప్లేటు ఇంకో వైపు నుంచి కూడా తప్పు చెబుతుంది. క్రాన్‌బెర్రీ సంగతి తీసుకోండి. అది ఉత్తర అమెరికా పండు, మనకి సూపర్ మార్కెట్లో సీసాగానే తెలుసు. అందులోని ఏ-టైప్ ప్రోఆంథోసయనిడిన్లు అనే పదార్థాలకి పేరొచ్చింది ఇ.కోలిని చంపినందుకు కాదు. ఇ.కోలి ఒంటి మీద వెంట్రుకల్లాంటి ఫింబ్రియాలు ఉంటాయి, వాటితో మూత్రనాళం గోడ కణాల్ని పట్టుకుంటుంది. పట్టు దొరక్కపోతే మూత్రం ధారలో కొట్టుకుపోతుంది. క్రాన్‌బెర్రీ ఆ పట్టుకి అడ్డుపడుతుందని పరిశోధకులు చెప్పారు. దాన్ని ఎలా చూపించారన్నది గమనించాలి. జపాన్, హంగేరీ, స్పెయిన్, ఫ్రాన్స్ దేశాల్లో స్వచ్ఛందంగా ముందుకొచ్చిన స్త్రీలకి క్రాన్‌బెర్రీ పొడి ఇచ్చి, వాళ్ళ మూత్రం సేకరించి, ఆ మూత్రంలో ఇ.కోలికి అతుక్కునే శక్తి తగ్గిందా అని చూశారు. 2010లో వచ్చిన ఆ పరిశోధన మోతాదు పెరిగేకొద్దీ ప్రభావం పెరిగిందని చెప్పింది. ఆ తర్వాత కూడా రోగుల మీద ఫలితం తేలడానికి టైమ్ పట్టింది. 2012లో కాక్రేన్ సమీక్ష, అంటే ఒక విషయం మీద జరిగిన ట్రయల్స్ అన్నిటినీ కలిపి తూచే సమీక్ష, దీనివల్ల పెద్దగా లాభం లేదని తేల్చింది. అదే సమీక్షని 2023లో 50 ట్రయల్స్, దాదాపు 9 వేల మంది సమాచారంతో మళ్ళీ చేస్తే, తరచూ ఇన్ఫెక్షన్ వచ్చే స్త్రీలలో మళ్ళీ వచ్చే అవకాశం సుమారు పావు వంతు తగ్గుతుందని తేలింది. వచ్చిన ఇన్ఫెక్షన్‌ని తగ్గించడానికి కాదు, రాకుండా ఉండటానికే. ఈ గుణాన్ని వెతకడానికి జోన్ పరీక్ష ఏ రకంగానూ పనికిరాదు. మన పల్లేరులోనో అటికమామిడిలోనో అలాంటి గుణం ఉంటే, "నో జోన్" అని టేబుల్‌లో రాసి మనమే పారేసి ఉంటాం.

మూత్ర సమస్యల్లో ఈ మొక్కల గురించి సంప్రదాయం చెప్పింది కూడా క్రిముల్ని చంపడం గురించి కాదు. చరక సంహితలో పల్లేరు, పాషాణభేది ఉన్నది మూత్రవిరేచనీయ వర్గంలో, అంటే మూత్రాన్ని బాగా జారీ చేసేవాటిలో. వైద్యుడు చెప్పింది ధార గురించి. మనం పరీక్షించేది బ్యాక్టీరియా చావు గురించి. జోన్ రాగానే "మన పూర్వీకులు చెప్పింది నిజమైంది" అని రాయడం, రాకపోతే "నాటువైద్యం అబద్ధం" అని రాయడం, రెండూ ఆ వైద్యానికి అన్యాయమే.

ధార అన్నాను కాబట్టి నీళ్ళ గురించి చెప్పాలి. 2018లో ఒక ట్రయల్ ఫలితాలు వచ్చాయి. బల్గేరియాలో తరచూ యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చే, రోజుకి లీటరున్నర కంటే తక్కువ ద్రవాలు తాగే 140 మంది స్త్రీలని తీసుకున్నారు. సగం మందిని రోజూ మామూలు కంటే లీటరున్నర నీళ్ళు ఎక్కువ తాగమన్నారు. ఏడాది తర్వాత చూస్తే నీళ్ళు ఎక్కువ తాగినవాళ్ళకి సగటున 1.7 సార్లు ఇన్ఫెక్షన్ వచ్చింది, మిగతావాళ్ళకి 3.2 సార్లు. మందు లేదు, మొక్క లేదు, ఉత్త మంచినీళ్ళు.

ఇది తెలిశాక మన ఇంటి వైద్యాల వైపు మళ్ళీ చూడండి. బార్లీ నీళ్ళు, కొబ్బరినీళ్ళు, పల్చటి మజ్జిగ, ధనియాల కషాయం, పల్లేరు కషాయం. అన్నీ చెంబులకి చెంబులు తాగేవే. అమ్మ చెంబు చేతికిచ్చి "మొత్తం తాగెయ్యాలి" అని పక్కనే నిలబడితే, ఆ పిల్ల మామూలు రోజు కంటే రెట్టింపు నీళ్ళు తాగుతుంది. తగ్గితే బార్లీకి పేరొస్తుంది. బార్లీ కూడా ఏదైనా చేసి ఉండొచ్చు, కానీ తెలియాలంటే అంతే కొలత ఉత్త నీళ్ళు తాగినవాళ్ళతో పోల్చాలి. పల్లేరు మీద చేసే ఏ పరీక్షకైనా అసలు ప్రత్యర్థి సిప్రోఫ్లాక్సాసిన్ కాదు, మంచినీళ్ళు. ఈ ఒక్క మార్పు మన కాలేజీల ప్రాజెక్టుల్లో వస్తే నేను ఎంతో సంతోషిస్తాను.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. స్కూల్లో, బట్టల షాపుల్లో, మిల్లుల్లో, బస్సు ప్రయాణాల్లో సరైన బాత్రూమ్ లేదని పొద్దున్నుంచీ నీళ్ళు మానేసే ఆడవాళ్ళు మన చుట్టూ ఎంతమంది ఉన్నారో అందరికీ తెలుసు. వాళ్ళకి ఏ ఆకు సారం ఇచ్చినా ఆ కరువు తీరదు.

మొక్క దగ్గరే జరిగే పొరపాట్లు ఇంకో పెద్ద విషయం. బజారులో "పునర్నవ" అని అమ్మే పొట్లంలో అటికమామిడి ఉండొచ్చు, చూడటానికి కాస్త అలాగే ఉండే గలిజేరు ఉండొచ్చు. ఈ రెండూ వేర్వేరు జాతులు. దక్షిణాదిలో పాషాణభేదిగా వాడేది ఎక్కువగా కొండపిండి. ఉత్తరాదిలో అదే పేరుతో వాడేది హిమాలయాల్లో పెరిగే బెర్జీనియా, రెండింటికీ చుట్టరికమే లేదు. నేల ఉసిరి కట్టలో ఒకదానికొకటి దగ్గరి చుట్టాలైన రెండు మూడు ఫిలాంథస్ జాతులు కలిసి రావడం మామూలే. హైదరాబాద్‌లో బొటానికల్ సర్వే వారి దక్కన్ కేంద్రం ఉంది, విశ్వవిద్యాలయాల్లో ఎండిన మొక్కల నమూనాలు దాచే హెర్బేరియంలు ఉన్నాయి. కొమ్మ తీసుకెళ్ళి గుర్తింపు చేయించుకుని, నమూనా అక్కడ దాచి నంబరు తీసుకోవచ్చు. పచారీ కొట్లో కొన్న పొడితో ప్రాజెక్టు చేస్తే, రేపు ఇంకొకరు అదే పని మళ్ళీ చేసి చూడలేరు.

ఈ పొరపాటు ఎంత దూరం వెళ్ళగలదో బెల్జియం చూపించింది. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గడానికి ఇచ్చిన చైనా మూలికల మాత్రల్లో ఒక మొక్క బదులు ఇంకొకటి, అరిస్టలోకియా జాతిది, కలిసిపోయింది. చైనా భాషలో వాటి పేర్లు దగ్గరగా ఉండటమే కారణం. సుమారు వంద మంది స్త్రీల కిడ్నీలు దెబ్బతిన్నాయి, చాలామందికి డయాలసిస్, కిడ్నీ మార్పిడి అవసరమయ్యాయి. కొందరికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ వచ్చింది. అరిస్టలోకిక్ ఆమ్లం క్యాన్సర్ కారకమని ఇప్పుడు ప్రపంచమంతా ఒప్పుకున్న విషయం. ఆ జాతి మొక్కలు మన నేల మీదా ఉన్నాయి. ఈశ్వరి వేరు, గాడిదగడపాకు రెండూ అరిస్టలోకియాలే. మూత్రవ్యవస్థకి మందు వెతుకుతూ మూత్రవ్యవస్థనే తినేసే మొక్కని చేతిలోకి తీసుకునే ప్రమాదం నిజంగా ఉంది. శ్రీకాకుళం ఉద్దానంలో ఇప్పటికే వేలమంది కిడ్నీ జబ్బుతో బాధపడుతున్నారు. అలాంటి చోట "సహజమైనది, ఏం కాదు" అనే మాట ఎవరూ అనకూడదు.

మొక్కల నుంచి రోగుల దాకా నిజాయితీగా వెళ్ళినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ ఫలితాలు పూర్తిగా తీపీ కాదు, పూర్తిగా చేదూ కాదు. యూరప్‌లో ఉవా ఉర్సి అనే పొద ఆకుల్ని యూరిన్ ఇన్ఫెక్షన్‌కి చాలాకాలంగా వాడతారు. అందులోని ఆర్బ్యుటిన్ ఒంట్లో మారి మూత్రంలో హైడ్రోక్వినోన్ రూపంలో పనిచేస్తుందని దాని వెనక సిద్ధాంతం. జర్మనీలో దాన్ని ఫాస్ఫోమైసిన్ అనే యాంటీబయాటిక్‌తో పోలుస్తూ 398 మంది స్త్రీల మీద ట్రయల్ చేసి 2021లో ప్రకటించారు. ఆకు తీసుకున్నవాళ్ళలో యాంటీబయాటిక్ వాడకం దాదాపు మూడింట రెండు వంతులు తగ్గింది. కానీ మంట, నొప్పి వాళ్ళకే ఎక్కువగా ఉన్నాయి, కిడ్నీకి పాకిన కేసులూ వాళ్ళలోనే ఎక్కువ. డీ-మానోజ్ అనే చక్కెర కథ ఈ సంగతిని ఇంకా బాగా బోధపరుస్తుంది. ఇ.కోలి ఫింబ్రియా కొసలో ఉండే ఫిమ్‌హెచ్ అనే ప్రోటీన్ మూత్రాశయ కణాల మీద మానోజ్‌నే పట్టుకుంటుంది. కాబట్టి మానోజ్ తాగిస్తే అది మోసపోయి దాన్ని పట్టుకుని కొట్టుకుపోవాలి. ల్యాబ్‌లో ఎంతో అందంగా పనిచేసే ఆలోచన. బ్రిటన్‌లో 598 మంది స్త్రీలకి ఆరు నెలలు ఇచ్చి చూస్తే, తీసుకున్నవాళ్ళలో 51 శాతం మందికి, తీసుకోనివాళ్ళలో 56 శాతం మందికి మళ్ళీ ఇన్ఫెక్షన్ లక్షణాలతో వైద్యుడి దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. చెప్పుకోదగ్గ తేడా లేదని 2024లో ప్రకటించారు. అణువు స్థాయిలో ఇంత స్పష్టంగా తెలిసిన పదార్థమే రోగుల దగ్గర నిలబడలేదంటే, ముడిసారం గురించి జోన్ చూసి మాట్లాడటం ఎంత తొందరపాటో ఆలోచించండి. ఇ.కోలి మూత్రాశయ కణాల లోపలికి దూరి గుంపులుగా దాక్కోగలదని 2003 నుంచి తెలుసు. బయట తిరిగే మందు ఏదైనా ఆ దాగుడు చోటికి కూడా చేరాలి.

అందుకే రోగులకి నేను చెప్పేది వేరు, విద్యార్థులకి చెప్పేది వేరు. మంటతో పాటు చలిజ్వరం, నడుం పక్కన నొప్పి, వాంతులు ఉంటే, గర్భిణి అయితే, మగవాళ్ళకో చిన్నపిల్లలకో వస్తే కషాయాలతో ఒక్క రోజు కూడా గడపొద్దు. యూరిన్ కల్చర్ ఇచ్చి డాక్టర్ని చూడాలి. కల్చర్‌కి ముందు మిగిలిపోయిన మాత్ర వేసుకోవద్దు. వేసుకుంటే కల్చర్‌లో ఏదీ పెరగకపోవచ్చు, అప్పుడు డాక్టర్ గుడ్డిగా మందు రాయాల్సి వస్తుంది.

విద్యార్థులకి చెప్పేది ఖర్చు తక్కువ పనులే. ముల్లర్ హింటన్ పక్కన, వడకట్టి శుభ్రం చేసిన మూత్రంలో కూడా ఇ.కోలిని పెంచి చూడమంటాను. ఆ మీడియం పీహెచ్ 7.3 దగ్గర ఉంటుంది, మూత్రం మామూలుగా 6 దగ్గర ఉంటుంది, అందులో యూరియా ఉంటుంది, పోషకాలు తక్కువ. ఒకచోట పనిచేసిన సారం రెండోచోట పనిచేయకపోవచ్చు. చంపే గుణం ఒక్కటే కాకుండా అతుక్కునే గుణాన్నీ చూడమంటాను. దానికి ఖరీదైన సెల్ కల్చర్ ల్యాబే ఉండాలని లేదు. టైప్-1 ఫింబ్రియా ఉన్న ఇ.కోలిని బేకరీ ఈస్ట్‌తో గాజు పలక మీద కలిపితే కళ్ళెదుటే గడ్డలు కడుతుంది, మానోజ్ కలిపితే గడ్డ కట్టదు. మన సారం కలిపితే ఏమవుతుందో చూడటానికి ఒక మధ్యాహ్నం చాలు. చండీగఢ్‌లోని సూక్ష్మజీవుల సేకరణ కేంద్రం నుంచి తెప్పించిన ప్రామాణిక జాతి ఒక్కటే కాకుండా, నిజంగా మూత్రనాళంలో జబ్బు చేసిన జాతుల్ని వాడాలి. వాడిన ప్లేట్లలోని క్రిముల్ని ఆవిరితో చంపే ఆటోక్లేవ్ సరిగా పనిచేయని కాలేజీకి మాత్రం చాలా మందులకి లొంగని ఐసోలేట్ నేను ఇవ్వను, ఎంత బతిమాలినా.

ఆ తర్వాత మూత్రం. ఇది ఒక ఎమ్మెస్సీ విద్యార్థి ఒంటరిగా చేసే పని కాదు. మెడికల్ కాలేజీ, ఆయుర్వేద కళాశాల, ఎథిక్స్ కమిటీ, మన దేశంలో ట్రయల్స్‌ని నమోదు చేసే సీటీఆర్‌ఐలో రిజిస్ట్రేషన్ కావాలి. కానీ కొండంత పని కూడా కాదు. జబ్బు లేకుండా స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్ళు, గుర్తింపు చేయించిన పల్లేరు, ఆయుర్వేద శాస్త్రంలో చెప్పిన మోతాదు కషాయం ఒక గుంపుకి, అంతే కొలత మంచినీళ్ళు ఇంకో గుంపుకి. ముందు, తర్వాత మూత్రం సేకరించాలి. ఎంత పోశారో కొలవాలి. ఆ మూత్రంలో ఇ.కోలి ఎంత పెరుగుతుందో, ఎంత అతుక్కుంటుందో చూడాలి. కరక్కాయ అయితే యూరోలిథిన్లు కూడా కొలవాలి. అలాంటివి కొలవగల యంత్రాలు హైదరాబాద్‌లోని జాతీయ సంస్థల్లో ఉన్నాయి. రెండు మూడు కాలేజీలు కలిస్తే ఏటా జోన్ల మీద పెట్టే ఖర్చులోనే చాలా భాగం సరిపోతుంది.

గైడ్లకీ, వైవాకి వచ్చే ఎగ్జామినర్లకీ నాదొక విన్నపం. ఆ పని చివర విద్యార్థి "కషాయం తాగినవారి మూత్రంలో ఇ.కోలి పెరుగుదల, నీళ్ళు తాగినవారి మూత్రంలో కంటే తగ్గలేదు" అని రాసుకొస్తే, అది ఫెయిలైన ప్రాజెక్టు కాదు. పూర్తి మార్కులు వేయండి, ప్రచురించమని పంపండి. "రిజల్ట్ రాలేదు కదమ్మా" అని మాత్రం అనకండి.